మూడో ఐస్‌పెట్టె

పడవాయన హోబర్ట్ ఫోను చేశాడు:
నది పొంగుతోంది, అయినా వెళ్దాం,
తెల్లవారుజామున నాలుగింటికి చిటినా రేవులో ఉండండి,
ఆలస్యమైతే ఆగను.
తెల్లవారడమట!
జూన్ నెల డెల్టా జంక్షన్‌లో
పొద్దు నిద్రకి మారాం చేసే పసిపిల్ల.
రాత్రి పదైనా గరాజు ముందు
మా నీడలు సాగుతూనే ఉన్నాయి.

నేల మీద కూర్చుని వల కుడుతున్నాను.
పోయినేడు మొద్దొకటి కొట్టుకొచ్చి చింపిన చోటు
రెండు పిడికిళ్లు దూరేంత.
సాల్మన్‌కి అది సింహద్వారం.
గెడ మా ట్రక్కు కంటే పొడుగు,
వెనక కొసకి ఎర్రగుడ్డ కట్టాలి.
గుడ్డ దొరక్క టెస్లీ తన మేజోడు ఇచ్చింది,
ఒకటే.
రెండోది తనకి కావాలట, ఎందుకో చెప్పలేదు.

మామగారు ఆంబ్రోస్ మాట్లాడటం లేదు.
నలభై ఏళ్లు కొండచరియ అంచున నిలబడి
నడుముకి తాడు, తాడు రెండో కొస స్ప్రూస్ చెట్టుకి,
బూడిదరంగు నీళ్లలోకి గెడవల దించి
కనబడని చేపని చేతులతో విన్న మనిషి.
"డబ్బు కట్టి, పడవెక్కి, చేపలు పట్టడమా?"
ఏప్రిల్‌లో అన్నాడు,
"అద్దెకి తెచ్చుకున్న ఆకలి."
మోకాళ్లు ఆయన మాట వినలేదు,
ఆయన మోకాళ్ల మాట వినలేదు.
చివరికి మోకాళ్లే గెలిచాయి.

కాపర్ నది నీళ్లు అలాంటివి మరి:
హిమానీనదం రాళ్లు నూరి కలిపిన పిండి,
చెయ్యి ముంచితే మణికట్టు దాకా మాయం.
వల దించాక కళ్లకి పని లేదు.
గెడ అదురుతుంది. అదే కబురు.

ఉప్పు మూట, దోమల మందు,
చేప తల మీద వెయ్యడానికి విరిగిన కుర్చీ కాలు,
కత్తెర.
పట్టిన చేపకి తోక కొసలు అక్కడే కత్తిరించాలి, చట్టం.
ఏటా పోయేది కత్తెరే గనక
ఈసారి దారం కట్టి మెళ్లో వేసుకున్నాను.
మా ఆయన ఉత్తరాన చమురు బావుల దగ్గర,
ఇంకో తొమ్మిది రోజులు రాడు.
సలహాలు మాత్రం వచ్చేశాయి.

పర్మిట్ కాగితం వంటింటి బల్ల మీదుంది.
సిరాతోనే నింపాలి, పెన్సిల్ చెల్లదు.
ఇంట్లోవాళ్ల పేర్లు రాశాను: నాలుగు.
పోయినేడు ఐదు.
ఇంటి పెద్దకి ఇరవై ఐదు చేపలు,
ఆపైన తలకి పది.
అత్తగారు వెల్మా ఫిబ్రవరిలో పోయింది.
గడ్డకట్టిన నేల తవ్వనివ్వక
మే దాకా ఆగాం.
పూలొచ్చాయి, కార్డులొచ్చాయి,
మూతల మీద పేర్లు అతికించిన గిన్నెలొచ్చాయి.
ఎవరూ చెప్పని లెక్క ఈ కాగితం చెప్పింది:
ఆమె లేకపోవడమంటే పది చేపలు.

ఆమె ఒక్కసారీ నది దగ్గరికి రాలేదు,
నీళ్లంటే భయం.
ఆమె పది మాత్రం ఏటా ఇంటికొచ్చేవి.
విడిగా ఆల్డర్ పొగ పట్టి
వీధి వీధంతా పంచేది,
ఆఖరికి మా కుక్కని రాయితో కొట్టిన ముసలాడికి కూడా.

యాభై ఐదు. ఐస్‌పెట్టెలు రెండు చాలు.
ఆంబ్రోస్ మూడోది కడుగుతున్నాడు.
మూత మీద ఆమె రాత, సగం చెరిగి:
వెల్మాది. ముట్టుకోవద్దు.
"రెండు చాలు, ఆంబ్రోస్" అన్నాను.
కుళాయి ఇంకాస్త తిప్పాడు,
నీళ్ల హోరులో నా మాట కొట్టుకుపోయింది.
తుడిచాడు. ఎత్తాడు. మోకాలు కటుక్కుమంది.
ట్రక్కులో పెట్టాడు, దాని పక్కన పాత తాడు,
పడవలో కట్టుకోవడానికి చెట్టు లేదని తెలిసీ.

నేను దించలేదు.
ఖాళీ పెట్టె దారంతా గడగడలాడుతుందని
టెస్లీ దుప్పటి అందులో కుక్కాను.

పదకొండైంది. పొద్దు కొండ మీద ఇంకా కుంటుతోంది.
బండి కదిలాక, సాయంత్రం నుంచి మొదటిసారి,
ఆయన నోరు విప్పాడు:
"కత్తెర పెట్టావా?"
మెళ్లో దారం పైకి లాగి చూపించాను.